గుంటూరు శివార్లలో ఒక ఇల్లు: షెడ్డు కట్టడానికీ ఇల్లు కట్టడానికీ తేడా ఎక్కడుంది

స్థలం 200 గజాలు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, తూర్పు ముఖం, గుంటూరు శివార్లలో నల్లరేగడి నేల. కింద సొంతానికి రెండు బెడ్‌రూముల ఇల్లు, పైన ఒక పోర్షన్. యజమాని ప్రభుత్వ హైస్కూల్లో హెడ్మాస్టరు, రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. ఊళ్లో అందరూ మాస్టారు అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. ఇంట్లో ఉండేది మాస్టారు, ఆయన భార్య, మోకాళ్ల నొప్పులతో చేతికర్ర పట్టుకుని నడిచే మామ్మగారు. కూతురికి బెంగళూరులో ఉద్యోగం. డబ్బు కొంత దాచుకున్నది, మిగతాది బ్యాంకు హోమ్‌లోను.

ఈ పని ఒప్పుకునేనాటికి నేను ఎక్కువగా చేసింది గోడౌన్లు, ఫ్యాక్టరీ షెడ్లు, కొన్ని అపార్ట్‌మెంట్లు. మా ఇంజనీర్లలో చాలామందికి ఇల్లంటే చిన్న పని. కాంక్రీటును క్యూబిక్ మీటర్లలో లెక్కేస్తే అది నిజమే. కానీ షెడ్డులో నిర్ణయాలన్నీ కాగితం మీద తేలిపోయాకే మేము సైటులో దిగుతాం. ఇంట్లో సగం నిర్ణయాలు గోడలు లేస్తుండగా పుడతాయి. ఎందుకంటే నిర్ణయించేవాళ్లే అందులో బతకబోయేవాళ్లు, తమ ఇల్లు ఎలా ఉంటుందో వాళ్లకు కళ్లెదుట లేస్తున్నప్పుడే అర్థమవుతుంది. అందుకని ఇల్లు కట్టే ఇంజనీరుకు అన్నిటికంటే ముఖ్యమైన పని, ఆ నిర్ణయాలను కాంక్రీటు కంటే ముందుకు తేవడం. ఈ ఇంట్లో అది ఎక్కడెక్కడ ఎలా చేశామో రాస్తున్నాను.

అడిగేవాడు లేని సైటు

ఫ్యాక్టరీ షెడ్డులో ఎవరి కుర్చీ వాళ్లది. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ కన్సల్టెంటు, క్లయింటు తరఫు ప్రాజెక్ట్ మేనేజర్, క్వాలిటీ చూసే మనిషి. సంతకం లేని డ్రాయింగు సైటుకు రాదు. పునాదిలో పెట్టే యాంకర్ బోల్టు కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిగితే పైన స్టీలు పిల్లరు కూర్చోదు కాబట్టి కొలతను ముగ్గురు చూస్తారు. ఎవరైనా మార్పు కోరితే దానికో లెటరు, ఖర్చెంత, ఎన్ని రోజులు ఆలస్యం, అన్నీ రాతలో ఉంటాయి.

ఇంటి సైటులో ఉండేది మేస్త్రీ, ఒక జిరాక్స్ ప్లాను, యజమాని ఫోను. క్లయింటూ ఆయనే, ఫైనాన్సూ ఆయనే, సాయంత్రం స్కూలు నుంచి వచ్చి నీళ్లు పట్టేదీ ఆయనే. చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్నవాళ్లకు 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద, అది వర్తించే ప్రాజెక్టులలో, స్ట్రక్చర్‌లో లోపం బయటపడితే ఇల్లు అప్పగించిన ఐదేళ్ల దాకా బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. సొంత స్థలంలో సొంతంగా ఇల్లు కట్టుకునేవాళ్లకు అలాంటి రక్షణ లేదు. వాళ్లు మేస్త్రీతో రాసుకున్న కాగితమే వాళ్ల చట్టం. చాలా ఇళ్లకు ఆ కాగితం కూడా ఉండదు.

రెండు గాజు జాడీలు

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఆ ఉబ్బు, ఆ కుంగుడు ఇంటి కింద అన్నిచోట్లా ఒకేలా ఉండవు. చుట్టూ వాన నీళ్లు చేరే అంచుల్లో ఒక రకంగా, ఎండ తగలని మధ్య భాగంలో ఇంకో రకంగా ఉంటాయి. గుమ్మాల మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు చాలావరకు దీనివల్లే. పెద్ద షెడ్డు పనిలో సాయిల్ రిపోర్టు లేకుండా టెండరే పిలవరు. ఇక్కడ మేస్త్రీ మాట: "ఐదడుగులు తవ్వి ఇసుక పోసి ఫుటింగ్ వేసేద్దాం సార్, ఈ వీధిలో అన్నీ అలాగే కట్టాం." వీధిలో ఇళ్లు చూశాను. సగం ఇళ్ల ప్రహరీలు పగిలి ఉన్నాయి.

సాయిల్ టెస్టుకు డబ్బు పెట్టడం మాస్టారికి మొదట నచ్చలేదు. ఆయన ఫిజికల్ సైన్స్ చెప్పిన మనిషి కాబట్టి రిపోర్టు చదివి వినిపించడం కంటే ల్యాబ్‌కు తీసుకెళ్లడం మేలనిపించింది. పరీక్ష చాలా తేలిక. ఆరబెట్టి జల్లించిన మట్టి పది గ్రాములు ఒక గాజు కొలజాడీలో కిరోసిన్‌లో, ఇంకో పది గ్రాములు మరో జాడీలో నీళ్లలో వేసి ఒకరోజు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. తేడా 50 శాతం దాటితే ఆ నేలతో జాగ్రత్తగా ఉండాలి. మర్నాడు మాస్టారు వంగి రెండు జాడీల గీతలూ తనే చదివారు. నీళ్ల జాడీలో మట్టి ఎంత పైకి లేచిందో చూశాక ఖర్చు గురించి ఇక మాట్లాడలేదు.

అందుకని అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున వెడల్పుగా ఉండే కాంక్రీటు స్తంభాల పునాది, ఎంచుకున్నాం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ ఇలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. ఆగర్ అనే తొలిచే పనిముట్టుతో గుండ్రంగా బోరు తవ్వి, అడుగున ప్రత్యేకమైన పనిముట్టుతో దాన్ని గుమ్మటంలా వెడల్పు చేస్తారు. పైల్ కాడ అడ్డకొలత 300 మిల్లీమీటర్లయితే ఆ గుమ్మటం దానికి రెండున్నర రెట్లు, 750 ఉంటుంది. ఎండకూ వానకూ నేల ఉబ్బి కుంగేది పైపొరలోనే, ఈ గుమ్మటం ఆ పొర దాటి కింద పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఒక్కో పిల్లరు కింద లోడును బట్టి రెండేసి పైల్స్ వేసి పైన క్యాప్ పోశాం.

మేస్త్రీతో గట్టిగా చెప్పాల్సి వచ్చింది ప్లింత్ బీమ్ దగ్గర, అంటే గోడల కింద పునాదుల్ని కలుపుతూ పోసే బీమ్ దగ్గర. ఉబ్బే నేలలో బీమ్ అడుగుకూ మట్టికీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 చెబుతుంది. మట్టి ఉబ్బినా ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, బీమ్‌ను ఎత్తదు. కానీ ఖాళీ వదిలితే మేస్త్రీకి అది సరిగా చేయని పనిలా కనిపిస్తుంది, మంచి మనసుతోనే మట్టి కూరేస్తాడు. షెడ్డు సైటులో ఇది డ్రాయింగులో ఒక గీత, ఎందుకని ఎవరూ అడగరు. ఇక్కడ కారణం చెప్పకపోతే పని నిలబడదు. ఆ బోరు తవ్విన కూలీలతో సహా అందరికీ చెప్పాను. తర్వాత ఒకచోట ఖాళీ పూడుతుంటే ఆపింది మేస్త్రీయే.

గదుల్లో ఫ్లోరింగు కింద నల్లమట్టి తీసేసి గ్రావెల్ తోలించి, ఆరంగుళాల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించాం. దీని గురించి ఇంకా చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిన పనే.

ముగ్గులో నడిచిన మామ్మగారు

అపార్ట్‌మెంట్లలో ఒక సౌకర్యం ఉంది. మొదటి అంతస్తులో బయటపడిన ఇబ్బంది రెండో అంతస్తులో సరిదిద్దుకోవచ్చు. శాంపిల్ ఫ్లాటు ఒకటి పూర్తిగా తయారుచేసి, అందరూ చూసి, తర్వాతే మిగతావి మొదలుపెడతారు. ఇంట్లో ప్రతి గదీ ఒక్కటే, ప్రతి పనీ ఒక్కసారే. అందుకే నేను శాంపిల్‌ను నేల మీదే చేయిస్తాను.

శంకుస్థాపన కాకముందే ప్లాను మొత్తం స్థలంలో పూర్తి సైజులో ముగ్గు పోయించాను. మామూలుగా పునాది తవ్వడానికి పోసే ముగ్గు కాదు, గోడల మందం, తలుపులు ఎటు తెరుచుకుంటాయి, మంచం ఎక్కడ, బీరువా ఎక్కడ, అన్నీ. ఒకటి ముందే హెచ్చరిస్తాను: ఆకాశం కింద ముగ్గులో ఏ గదైనా చిన్నగానే కనిపిస్తుంది. అది చూసి గదులు పెంచమంటారు. అందుకని మొదట వాళ్లు ఇప్పుడుంటున్న అద్దె ఇంటి హాలు కొలత పక్కనే పోయించాను. పోల్చుకున్నాక గదులు పెంచే మాట రాలేదు.

మాస్టారి భార్య అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. "అత్తయ్యా, ఇది మీ గది, ఇదిగో మీ మంచం" అంటూ ఇటుకలు పేర్చిన చోట కూర్చోబెట్టారు. రాత్రిపూట బాత్రూముకు వెళ్తున్నట్టు లేచి నడవమన్నాను. మంచం దిగి, అటు తిరిగి, బీరువా ముగ్గు దాటి, తలుపు దగ్గరకు వచ్చేసరికి కర్ర పెట్టడానికి చోటు లేక ఆవిడ పక్కకు ఒరిగి నడవాల్సి వచ్చింది. తలుపు రెండున్నర అడుగులు, పైగా లోపలికి తెరుచుకుంటుంది. లోపల పడిపోతే తలుపు తోసి సాయం చేయడానికి కూడా వీలుండదు. అక్కడికక్కడే ముగ్గు చెరిపి తలుపును మంచం వైపు గోడకు మార్చాం, మూడున్నర అడుగులు చేశాం, బయటికి తెరుచుకునేలా పెట్టాం. కమోడ్ పక్క గోడకు పట్టుకునే కడ్డీ వస్తుంది కాబట్టి అక్కడ సగం ఇటుక గోడ కాకుండా తొమ్మిదంగుళాల గోడ రాసుకున్నాం. కాగితం మీద ఈ ప్లాను ముగ్గురం కలిసి ఎన్నోసార్లు చూశాం. మామ్మగారు నడిచాకే ఇది కనిపించింది.

ఆ రోజే వాస్తు సంగతీ తేల్చుకున్నాం. వాస్తు మీద ఎవరి నమ్మకం వాళ్లది. నాకు అది క్లయింటు అవసరాల్లో ఒకటి, మంచం కొలతలాగే ముందే తెలియాలి. సిద్ధాంతిగారిని డిజైన్ దశలోనే పిలిపించమన్నాను. ఈశాన్యంలో సంపు, ఆగ్నేయంలో వంట, నైరుతిలో పడకగది, సింహద్వారం ఎక్కడ అనేవి ఆయన చెప్పాక పిల్లర్ల స్థానాలు ఖరారు చేశాం. స్లాబు అయ్యాక వచ్చే వాస్తు సలహా గోడలు పగలగొట్టిస్తుంది.

"పైన తర్వాత చూద్దాం"

ఇళ్లలో నేను తరచూ వినే మాట ఇది, బాగా భయపడేదీ దీనికే. కింది ఇంటి స్లాబు పై ఇంటికి నేల. పైన బాత్రూము ఎక్కడో తెలియకుండా ఆ స్లాబు పోస్తే, తర్వాత దానికి చిల్లులు కొట్టాలి, లేదా బాత్రూమును ఉన్నచోటుకే సర్దుకోవాలి. మాస్టారు కూడా అదే అన్నారు, ముందు కింద పూర్తి కానివ్వండి, పైన అమ్మాయి వచ్చాక చూద్దామని. స్లాబు సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా మోసే తాత్కాలిక చట్రం) మొదలయ్యే ముందు పై ప్లాను కావాల్సిందేనని పట్టుబట్టాను. కూతురు వీడియో కాల్‌లో తనకు కావలసింది చెప్పింది. తను కోరిన అటాచ్డ్ బాత్రూము సరిగ్గా కింది పూజగది మీదకు వచ్చింది. తల్లికి ఆ ఆలోచనే పడలేదు. రెండు రోజులు తల్లీకూతుళ్ల మధ్య ఫోన్లు నడిచాయి. చివరికి పై బెడ్‌రూము తిప్పి, బాత్రూమును కింది బాత్రూము మీదకే తెచ్చాం. పైపులు ఒకే వరుసలో దిగాయి, లీకేజీ వస్తే వెతకాల్సిన చోటు కూడా ఒక్కటే అయింది. సెంట్రింగ్ కొట్టాక ఇదే చర్చ జరిగి ఉంటే రాడ్డు, పైపులు, బాత్రూము కోసం స్లాబు దింపిన భాగం అన్నీ విప్పాలి.

కరెంటు పాయింట్లు కూడా ఇంతే. ఫ్యాక్టరీలో మెషీన్ల లిస్టు ఇస్తారు, లోడు లెక్క వేసుకుంటాం. ఇంట్లో అలాంటి లిస్టు ఉండదు. నేను మేడంను (మాస్టారి భార్యను) ఉదయం నిద్ర లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏం చేస్తారో చెప్పమన్నాను. మిక్సీ, గ్రైండరు, ఫిల్టరు, మామ్మగారి మంచం పక్కన నైట్ ల్యాంపు, ఇన్వర్టరు, ఆవిడ కుట్టు మిషను. గోడల మీద సుద్దతో గీసి, ఆవిడ చూసి సరేనన్నాకే ఎలక్ట్రీషియన్ గోడ కొట్టాడు.

చదరపు అడుగు లెక్క, శనివారం బటవాడా

కంపెనీ పనిలో ప్రతి ఐటమ్‌కూ విడివిడి రేటు ఉంటుంది. ఇంటి పనిలో లేబరు మొత్తం చదరపు అడుగుకు ఇంత అని గుత్తకు ఇస్తారు. వినడానికి సులువు. గొడవలన్నీ ఆ సులువులోనే ఉన్నాయి. పోర్టికో మొత్తం లెక్కా, సగమా? పిట్టగోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు, మెట్లు, సజ్జల మీది అలమరాలు, ప్రహరీ కలిశాయా లేదా? సెంట్రింగ్ సామాను ఎవరిది? నీళ్లు పట్టేదెవరు? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు తెలుగులో రాయించి, మేస్త్రీతో చదివించి, ఇద్దరితో సంతకం పెట్టించాను. పైల్స్ పని మామూలు రేటులో పడదు కాబట్టి దాన్ని విడిగా పెట్టాం. ఆ కాగితం రాయడానికి పట్టిన సమయం మొత్తం పనిలో అన్నిటికంటే బాగా ఖర్చు చేసిన సమయమని నా అభిప్రాయం.

డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్నది ఇంకో తేడా. పెద్ద కాంట్రాక్టరు నెల బిల్లు పెట్టి, అది పాసయ్యేదాకా తన డబ్బుతో పని నడపగలడు. ఇంటి మేస్త్రీ దగ్గర ఆ డబ్బు ఉండదు. శనివారం బటవాడా ఇవ్వకపోతే సోమవారం కూలీలు ఇంకో సైటులో ఉంటారు. బ్యాంకేమో దశల వారీగా, ప్రతి దశ పూర్తయినట్టు చూసుకున్నాకే లోను విడుదల చేస్తుంది. అంటే స్లాబుకు డబ్బు స్లాబు అయ్యాక వస్తుంది. ఈ మధ్య గడువును సొంత డబ్బుతో నింపాలి. అందుకే చేతిలో ఉన్న డబ్బు మొదట్లోనే ఖర్చు చేయకుండా కొంత ప్రతి దశకూ పక్కన పెట్టించాం. టైల్స్, గ్రానైట్ ఆఫర్లో వస్తున్నాయని ముందే కొనేసి, స్లాబు దగ్గర ఇరుక్కునే కుటుంబాలు చాలా ఉన్నాయి.

స్లాబు రోజు

సందు ఇరుకు, రెడీమిక్స్ బండి రాదు. మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) పెట్టి కలపాల్సిందే. ఎం 25 అనే బలం రకం కాంక్రీటుకు నీళ్లు సిమెంటు బరువులో సగానికి మించకూడదు. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. ఇంటి సైటులో ఈ లెక్క తప్పేది మిల్లర్ దగ్గరే. పైన పరిచేవాళ్లకు జారుడుగా ఉంటే సుఖం, "పల్చగా వదులు" అని కేకేస్తారు, కిందివాడు ఇంకో మగ్గు పోస్తాడు. దాన్ని తిట్లతో ఆపలేం. బకెట్టుకు ఎర్ర పెయింటుతో గీత గీసి, మగ్గులు తీసేసి, పైన కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్లు రెండు పెట్టాను. వైబ్రేటర్ బాగుంటే పల్చటి కాంక్రీటు అడగరు. కంపెనీ సైటులో మాదిరే బలం పరీక్షకు అదే కాంక్రీటుతో క్యూబులు పోసి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌కు పంపాం. ఇంటి పనిలో ఇది చేసేవాళ్లు తక్కువ, నిజానికి ఖర్చు చాలా తక్కువ.

రాడ్డు విషయంలో ఒక్క మాట. ఐఎస్ 1893 2016 ప్రకారం విజయవాడ, గుంటూరు ప్రాంతం భూకంప జోన్ 3లో ఉంది. పిల్లర్ల రాడ్లను చుట్టి కట్టే రింగుల కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంగాలి. 90 డిగ్రీల దగ్గర ఆపేయడం ఇళ్లలో అలవాటు. పిల్లరు ఊగినప్పుడు ఆ కొక్కెం తెరుచుకుంటుంది. కట్టి నిలబెట్టాక మార్చడం కష్టం కాబట్టి మొదటి రింగు వంచినప్పుడే దగ్గరుండాలి.

మర్నాడు స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలిపాం. వాడింది పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన) సిమెంటు, ఐఎస్ 456 ప్రకారం కనీసం పది రోజులు తడి ఆరకూడదు. గుంటూరు ఎండలకు అంతకంటే ఎక్కువే మంచిది. పెద్ద సైటులో దీనికో బృందం ఉంటుంది. ఇక్కడ మాస్టారు స్కూలుకు వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, మధ్యాహ్నం మేడం. నిజం చెప్పాలంటే ఏ కంపెనీ సైటులోనూ ఇంత శ్రద్ధగా క్యూరింగ్ జరగడం నేను చూడలేదు. సొంతిల్లు కావడంవల్ల దొరికే లాభం ఇది, ఇంజనీరు దాన్ని వాడుకోవాలి. ఎక్కడ తడపాలి, ఎప్పటిదాకా అన్నది క్యాలెండరు మీద రాసిచ్చాను. బీమ్‌ల కింద సెంట్రింగ్ 14 రోజుల ముందు తీయకూడదని కూడా దాని మీదే రాశాను, ఎందుకంటే సామాను ఇంకో సైటుకు కావాలని మేస్త్రీ తొందరపెడతాడు.

వంటగట్టు ఎత్తు

మేస్త్రీ అలవాటు 34 అంగుళాలు. మేడం ఐదడుగుల మనిషి. వంటింట్లో ఇటుకలు పేర్చి, పైన గ్రానైట్ ముక్క వేసి, కత్తిపీట కాకుండా చాకూతో కూరలు తరిగి చూడమన్నాను. 34 దగ్గర భుజాలు పైకి లేచాయి. ఒక వరస తగ్గిస్తే తరగడం హాయిగా ఉంది. తర్వాత పాత ఇంటి స్టవ్వు తెప్పించి దాని మీద పెద్ద గిన్నె పెట్టి గరిటె తిప్పమన్నాను. స్టవ్వు, గిన్నె ఎత్తు కలిసేసరికి ఇంకా కిందికి కావాలన్నారు. తరగడానికి ఒక ఎత్తు, వండటానికి ఇంకో ఎత్తు. చివరికి గ్రానైటుతో కలిపి 31 అంగుళాలకు ఒప్పుకున్నారు. పై పోర్షన్‌లో మాత్రం మామూలు ఎత్తే ఉంచాం, అక్కడ రేపు ఎవరుంటారో తెలియదు కాబట్టి.

ముహూర్తం

ఫ్యాక్టరీకి గడువు దాటితే పెనాల్టీ ఉంటుంది, మాట్లాడుకుంటే గడువు జరుగుతుంది. గృహప్రవేశం ముహూర్తం జరగదు. మాఘమాసంలో పెట్టుకున్నారు, అది దాటితే మూఢం, తర్వాత అమ్మాయికి సెలవు దొరకదు. ఇలాంటప్పుడు ఇళ్లలో జరిగేది, ప్లాస్టరింగు ఆరకముందే పుట్టీ, పెయింటు వేసేయడం. ఆరు నెలల్లో పెచ్చులు లేస్తాయి. అందుకని ముహూర్తానికి మూడు నెలల ముందే కూర్చుని, ఆ రోజుకు తప్పనిసరిగా కావలసినవి వేరు చేశాం: పూజగది, పాలు పొంగించడానికి వంటగది, మామ్మగారి బాత్రూము, కరెంటు, నీళ్లు, సింహద్వారం. బాత్రూముల్లో టైల్స్ వేయకముందు రెండు రోజులు నీళ్లు నిలిపి చూసే పరీక్ష మాత్రం వదలనని చెప్పాను. పెయింటు హాలుకు ప్రైమరు దాకానే. బంధువులు రంగు లేని గోడల గురించి అడుగుతారని మేడంకు టెన్షన్ ఉండేది. అడిగారు కూడా. మాస్టారు అందరికీ గోడ ఆరాలని ఓపిగ్గా చెప్పారు. వేసవి మొదట్లో రంగులు వేయించాం.

అప్పగించేటప్పుడు ఒక ఫైలు ఇచ్చాను. కాంక్రీటు పోయకముందు స్లాబులోని పైపులు, ప్లాస్టరింగు ముందు గోడల్లోని కరెంటు, నీళ్ల పైపులు, ప్రతి ఫొటోలో టేపు కనిపించేలా తీసినవి. పైల్స్ ఎక్కడున్నాయో చూపే డ్రాయింగు, క్యూబు రిపోర్టులు, సాయిల్ రిపోర్టు. దాంతోపాటు ఒక పేజీలో నల్లరేగడికి కావలసిన జాగ్రత్తలు: ఇంటి చుట్టూ బయటికి వాలుగా వేసిన గచ్చు పగిలితే వెంటనే పూడ్చాలి, వాన నీళ్లు గోడ మొదట్లో నిలవకూడదు, ఏసీ నీళ్లు కూడా అక్కడ పడకూడదు, వేప, రావి లాంటి పెద్ద చెట్లు గోడ పక్కన వద్దు. మాస్టారు వేప మొక్క ఒకటి తెచ్చి పెట్టుకున్నారు. దాన్ని వీధి చివర ఖాళీ స్థలంలో నాటారు.

తొలి వానాకాలం అయ్యాక వెళ్లి చూశాను. ప్రధాన గోడల్లో పగుళ్లు లేవు. పైల్స్ లేకుండా మామూలు పునాది మీద కట్టిన ప్రహరీలో, గేటు పక్కన సన్నటి నెర్రె ఒకటి వచ్చింది. దాని మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి తారీఖు వేశాం. ఎండాకాలం చివర మళ్లీ కొలిచాకే దాన్ని ఎలా పూడ్చాలో తేలుతుంది.